ఉంటున్నట్టు

ఎవరూ కాపురం ఉండని ఆ గదిలో సబ్బు తడిగా ఉంది.

ఆమె వేలు చప్పున వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టి చూసింది. తడే. పైభాగం మెత్తబడి ఉంది, అంచున నురగ ఇంకా ఆరలేదు, పొద్దున్నే ఎవరో తీరిగ్గా ఒళ్ళు రుద్దుకుని వెళ్ళినట్టు. తమాషా ఏమిటంటే ఆ సబ్బు తడపడానికే ఆమె ఆస్పత్రి లాండ్రీలో సగం పూట సెలవు అడుక్కుని, సూపర్వైజరు చేత చివాట్లు తిని, రెండు బస్సులు మారి వచ్చింది. వారానికోసారి వచ్చి చేసే పనే అది. సబ్బు తడపాలి, తలగడ మీద మోచేత్తో గుంట పెట్టాలి, దువ్వెనకి నాలుగు వెంట్రుకలు చుట్టాలి, స్టవ్ మీద నీళ్ళు మరిగించి గిన్నె అడుగున తెల్లటి మరక పడనివ్వాలి. స్కూలు తరఫున ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు మొట్టమొదట సబ్బే చూస్తారని పల్లంలో పిల్లల్ని కన్నవాళ్ళందరికీ తెలుసు. బీరువా నిండా బట్టలు సర్దొచ్చు, గోడల నిండా ఫొటోలు తగిలించొచ్చు, ఎండి పగుళ్ళిచ్చిన సబ్బు మాత్రం కడుపులో ఏదీ దాచుకోదు. సబ్బు పట్టిస్తే సంవత్సరం మధ్యలో బ్యాగు భుజాన వేసుకుని వెనక్కి వచ్చేసిన పిల్లలు వాళ్ళ వీధిలోనే ఉన్నారు. వాళ్ళకి మళ్ళీ పాత బడిలో చోటు దొరికింది గానీ పాత స్నేహాలు దొరకలేదు. మిట్ట మీద చదివొచ్చిన దొరబిడ్డలు వచ్చారు, లేచి నిలబడండ్రా, అని ఏడిపించేవాళ్ళు.

మిట్ట, పల్లం. ఊరిని రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి, ఆ ముక్కలకి ఎవరో ఆ పేర్లు పెట్టారు. ఎత్తులో తేడా ఏమీ లేదు, బంతి వదిలితే ఎటూ దొర్లదు. నీరు పల్లమెరుగు అంటారు గానీ ఈ ఊళ్ళో నీళ్ళు కూడా మిట్టనే ఎరుగుతాయి. ఇక్కడ కుళాయి రోజంతా వస్తుంది, అక్కడ బిందెలు వరసలో నిలబడతాయి. మనుషులూ అంతే. ఫలానా వీధి అని చెప్పగానే ఎదుటివాడి మొహంలో ఏదో తలుపు మెల్లగా మూసుకుంటుంది, గడియ చప్పుడు కూడా వినబడదు. అలాంటి ఊళ్ళో ఒకనాడు పెద్ద పెద్ద బోర్డులు లేచాయి. ఇకనుంచి ఏ పిల్ల ఏ బడిలోనైనా చదువుకోవచ్చు, బడులు పోటీ పడాలి, తల్లిదండ్రులు ఎంచుకోవాలి. బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది, దగ్గర్లో కాపురం ఉన్నవాళ్ళకే ముందు సీటు అని. నచ్చిన పెళ్ళికొడుకుని చేసుకో తల్లీ, గుమ్మం మాత్రం దాటకు, అన్నట్టు. మిట్ట స్కూలు దగ్గర్లో కాపురం ఉండాలంటే మిట్ట మీద ఇల్లు కావాలి, మిట్ట మీద పల్లం వాళ్ళకి ఇల్లు ఎవరూ ఇవ్వరు. తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోయాక ఈ గులాబీ గేటు ఇంటావిడ దొరికింది. మంచి మనిషే, మంచినీళ్ళు కూడా ఇచ్చింది. మీరంతా శుభ్రంగా ఉంటారని నాకు తెలుసమ్మా, అంది, కాకపోతే చుట్టుపక్కల వాళ్ళు ఊరుకోరు. గది ఇస్తాను, అడ్రసు రాసుకోండి, అద్దె కట్టండి. ఉండకూడదు మాత్రం. కిటికీ తియ్యకూడదు. రాత్రి దీపం వెయ్యకూడదు. ఉండనని ఒప్పుకుంటేనే ఇల్లు అద్దెకిచ్చే మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు, ఉండనని ఒప్పుకుని అద్దె కట్టే మనిషిగా తనని తాను కూడా చూసుకోలేదు. ఆ రోజు దణ్ణం పెట్టి మెట్లు దిగింది. దిగాక ఎదురింటి గోడ మీద ఎండలో పడుకున్న పిల్లిని చూసి, దీనికి ఎవరూ షరతులు పెట్టలేదు కదా అనుకుంది.

ఇప్పుడు ఎవరో ఉంటున్నారు. ఇంకాసేపట్లో స్కూలు మేడమ్ వస్తుంది. పొద్దున ఇంట్లో అంట్లు తోముతుంటే ఫోన్ మోగింది. స్కూలు గుమాస్తా గొంతు, చద్దినీళ్ళలా చల్లగా. పదకొండింటికి మా మేడమ్ మీ ఇంటికొస్తారు, ఉండండి. ఎందుకండీ అంటే, ఎవరో ఫోన్ చేసి చెప్పారు, మీరు ఆ ఇంట్లో కాపురం ఉండటం లేదట, అడ్రసు మాత్రం వాడుకుంటున్నారట. లేకపోతే లేదనండి, ఉంటే భయమెందుకు. నాకేం భయమండీ, ఇదిగో ఇప్పుడే వంట చేస్తున్నాను, అంది ఆమె, సబ్బు నురగ చేతుల్తో, పల్లంలో తన వంటింట్లో నిలబడి. పెట్టేశాక చూస్తే చేతిలో పళ్ళెం లేదు, కింద ముక్కలుగా ఉంది. ఎప్పుడు జారిందో.

తలుపు గడియ పెట్టి ఆమె గది అంతా దొంగలా వెతికింది. మంచం మీద దుప్పటి. దుప్పట్లతో ఆమెకి బతుకంతా పరిచయం, ఆస్పత్రి దుప్పట్లు, మనిషి పడుకున్నదీ పడుకోనిదీ చెయ్యి వేస్తే తెలుస్తుంది. ఇది పడుకున్న దుప్పటి. తలవైపు కిటికీ దగ్గరికి జరిగి ఉంది, తను ఎప్పుడూ గోడవైపు పెడుతుంది. తలుపు వెనక మేకుకి తువ్వాలు, అంచు తడి. దువ్వెనలో తను చుట్టిన పొడుగు వెంట్రుకలు అలాగే ఉన్నాయి, వాటి మీద పొట్టి వెంట్రుక ఒకటి. మగవాడిది. తాళంచెవులు రెండే, ఒకటి తన కొంగున ఉంది. రెండోది మొగుడి దగ్గర, ఆమె బావా అని పిలిచే మనిషి దగ్గర. ఈ లెక్క ఎంతసేపటికి తెగిందో తెలియదు, తెగాక మాత్రం ఆమె మంచం మీద కూలబడింది. బావ. లిఫ్టులు బాగుచేసే బావ, రాత్రి డ్యూటీ అయ్యాక మధ్యాహ్నం దాకా ఇంటికి రాని బావ, డబుల్ డ్యూటీ అని చెప్పే బావ. నోట్లో నాలుక లేని మనిషి. అన్నంలో ఉప్పు లేకపోయినా అడగడు, రెండింతలున్నా అడగడు, పెళ్ళయిన కొత్తలో తన పుట్టింట్లో నాలుగు రోజులుండి నాలుగు మాటలాడాడు, నలుగురూ చాలా మంచివాడమ్మా అన్నారు. అలాంటివాణ్ణి ఏ ఆడది చూసి ఉంటుంది, చూసినా ఏం మాట్లాడి ఉంటుంది. తలగడ ఎత్తి వాసన చూసింది. పువ్వుల వాసన లేదు, నూనె వాసన లేదు, సబ్బే. మంచం కింద వంగి చూసింది. ఒక జాకెట్టు హుక్కయినా, పిన్నీసయినా. ఏమీ లేదు. లేకపోవడం ఇంకా మండించింది. ఏదైనా దొరికి ఉంటే బావుండుననిపించింది, చేతికి ఒక వస్తువు, పట్టుకుని అరవడానికి. పిల్ల సీటు కోసం తను పస్తులుండి నిలబెట్టిన గది, పిల్ల పేరు మీద తెచ్చుకున్న గది, అందులో ఇతను స్నానం చేసి, పడుకుని. కంచే చేను మేస్తే ఇంక చేను ఎవరితో చెప్పుకుంటుంది. వెంటనే ఇంకో ఆలోచన తలెత్తింది, సిగ్గులేని ఆలోచన: మేస్తే మేశాడు, ఇవాళ ఈ గదికి సబ్బు తడి, దుప్పటి నలుగుడు, తువ్వాలు చెమ్మ అన్నీ ఉన్నాయి. తను వందసార్లు మోచెయ్యి నొక్కినా రానిది, మనిషి పడుకున్న గుంట, తలగడ మీద ఉంది. మేడమ్ వెళ్ళేదాకా ఏడవకూడదు. ఏడుపు తర్వాత ఏడవచ్చు, సీటు తర్వాత రాదు.

మరి స్కూలుకి ఫోన్ చేసిందెవరు. అక్క. అనుకోకముందే ఆ మాట నోట్లో ఉంది. తోడబుట్టిన అక్క, పల్లం బడిలో టీచరు. ఆ బడిలోనే తనూ బావా చదువుకున్నారు, ఆ బెంచీల మీదే. పోటీ మొదలయ్యాక ఆ బడికి గేటుకి రంగు వేశారు, పైకప్పు కారుతూనే ఉంది. పక్క సందులో ఇంకో బడి వెలిసింది, దాని పక్కన ఇంకోటి, ప్రతి గోడ మీదా ఫస్టు వచ్చిన పిల్లల మొహాలు, అన్ని బడుల్లోనూ అవే మొహాలు. కాస్త చేతిలో డబ్బు ఆడేవాళ్ళు పిల్లల్ని మిట్టకి దాటించేశారు. క్లాసులు కలిపేశారు. కిందటి ఏడాది పిల్లలు తగ్గారని పాత టీచర్లని పంపేశారు. అక్క సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగింది, మీ పిల్లని మా బడికి పంపండి అని, కూరలమ్ముకునేవాళ్ళలా. తన ఇంటికి ఆఖర్న వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“లోపలికి రా అక్కా.”

“వస్తానులే. పిల్లని మా బడినుంచి తీసేస్తున్నావట.”

“నీ మీద కోపంతో కాదక్కా.”

“కోపంతో తీస్తే బావుండేది, తగ్గాక తిరిగొస్తుంది. నువ్వు ప్రేమతో తీస్తున్నావు.”

“నీకు పిల్లలుంటే తెలిసేది.”

ఆ మాట నోరు జారి పడింది. పళ్ళెంలా పగల్లేదు, అలాగే ఉండిపోయింది ఇద్దరి మధ్యా. అక్క గుమ్మం మీంచి ఒక అడుగు కిందికి దిగింది. తర్వాత మెత్తగానే అంది. “ఒక్కొక్కళ్ళే దాటిపోండి. ఆఖరికి మేమూ, దాటలేనివాళ్ళ పిల్లలూ మిగులుతాం. అప్పుడు మిట్టవాళ్ళు చూపించి చెప్తారు, చూశారా, పల్లం బడి ఎలా ఉందో, అని. నిజమే చెప్తారు.” అప్పట్నుంచి అక్క రాలేదు. తనూ ఎదురు వెళ్ళలేదు. అక్కకి ఈ గది సంగతి తెలుసు, షరతులు తెలుసు. ఉద్యోగం ఊడేట్టుంది. తనయితే చేసి ఉండేదా, అక్కకే పిల్ల ఉంటే, తన పొట్టకోసం దాని గొంతు మీద కాలు వేసి ఉండేదా. వేసి ఉండేదేమో. ఆ సంగతే ఆమెని ఎక్కువ భయపెట్టింది. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళు, దుప్పటి అక్క ఎక్కువ లాక్కునేది కాదు, తనే లాక్కునేది.

బయట స్కూలు గంట. గోడ అవతలే మైదానం, ఈ గదికి వచ్చినప్పుడల్లా మూసిన కిటికీలోంచి పిల్లల కేకలు వినబడతాయి, ఆమె సబ్బు తడుపుతూ ఆ కేకల్లో తన పిల్ల గొంతు వెతుక్కునేది. పిచ్చుక. వాళ్ళ నాన్న పెట్టిన పేరు. తెల్లవారకముందే లేచి, నిద్రలోనే తల దువ్వించుకుని, నిద్రలోనే బూట్లలో కాళ్ళు దూర్చి, వంతెన దాటాక గానీ కళ్ళు తెరవని పిచ్చుక. ఎక్కాలు నేర్పినట్టే దానికి అబద్ధం నేర్పింది తను. మీ ఇల్లెక్కడ, గులాబీ గేటు మేడ మీద. మీ కిటికీలోంచి ఏం కనబడుతుంది, స్కూలు మైదానం. నేనెప్పుడూ చూడలేదు కదమ్మా అని పిల్ల అంటే, చూసినట్టు చెప్పాలి, అని తొడపాశం పెట్టింది. పిల్ల త్వరగా నేర్చుకుంది. అన్నీ త్వరగానే నేర్చుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి కథలు చెప్తుంది, ఇవాళ మా జట్టుకి నేనే కెప్టెన్ని, నేనే గెలిపించాను, అందరూ నన్నే పిలుస్తారు, ఇటు రా అంటే ఇటు రా అంటారు, కాళ్ళు నొప్పెడుతున్నాయమ్మా పరిగెత్తి పరిగెత్తి. ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతూ ఆమె నవ్వేది. లాండ్రీ ఆవిర్లో కమిలిపోయిన చేతులకి ఆ చిన్న కాళ్ళు చల్లగా తగిలేవి. పోయిన డబ్బంతా, తిన్న చివాట్లన్నీ, అక్కతో తెగిపోయిన మాటా, అన్నీ ఆ కాళ్ళ దగ్గర చెల్లిపోయేవి. బావ మాత్రం ఆ కథలప్పుడు లేచి బయటికి వెళ్ళేవాడు. మగవాళ్ళకి పిల్లల కబుర్లు పట్టవులే అనుకునేది.

మెట్ల మీద రెండు జతల చెప్పులు. మేడమ్, ఆవిడ వెనక ఇంటావిడ. మేడమ్ వయసులో చిన్నది, అలిసిపోయిన మొహం, ఇవాళ ఇలాంటివి ఇంకెన్ని చూడాలో అన్నట్టు. లోపలికి వచ్చి మంచం చూసింది, గిన్నె చూసింది, స్నానాల గదిలోకి వెళ్ళింది. ఆమె గుమ్మంలో నిలబడింది. నీళ్ళ చప్పుడు లేదు, మాట లేదు. బయటికి వస్తూ మేడమ్ రెండు వేళ్ళు చేతిరుమాలుకి తుడుచుకుంది.

“వీళ్ళు ఇక్కడే ఉంటున్నారా అండీ?” అని ఇంటావిడని అడిగింది.

“అయ్యో, ఉండకేం. పొద్దున లేస్తే వీళ్ళ చప్పుడే. మంచి కుటుంబం.” ఇంటావిడ కళ్ళు కూడా ఆర్పలేదు. అద్దె మంచితనం మనిషి చేత ఎంత చక్కగా మాట్లాడిస్తుంది.

మేడమ్ కిటికీ దగ్గరికి వెళ్ళి గడియ లాగింది. ఏళ్ళ తరబడి తియ్యని గడియ కిర్రుమనాలి, బిగుసుకోవాలి. వెన్నలో వేలు దిగినట్టు జారిపోయింది. ఎవరో నూనె వేశారు. వెలుతురు దబ్బున పడింది, ఎదురుగా మైదానం, ఇంకా ఖాళీగా. “పిల్ల అదృష్టవంతురాలు, మంచం మీంచే బడి కనబడుతుంది,” అంది మేడమ్, కిటికీ మూసింది. “కంప్లయింటు తప్పని రాసేస్తాను. ఏమనుకోకండి, ఇది మాకూ సరదా కాదు.” వెళ్ళిపోయింది. ఇంటావిడ ఆగిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

“నిజంగా ఉండటం లేదు కదా?”

“లేదండీ.”

“పొద్దున పూట నీళ్ళ చప్పుడు వినబడుతోంది ఈ మధ్య. ఎలకలేమో అనుకుంటున్నాను.” కొంచెం నవ్వింది. “ఎలకలైతే పరవాలేదు. చుట్టుపక్కల వాళ్ళకి కనబడవు.” వెళ్తూ తలుపు లాగేసింది, తాళం దానంతటదే పడింది.

ఒకే గుమ్మంలో, ఒకే చోట నిలబడి, ఉంటున్నామనీ ఉండటం లేదనీ రెండూ రుజువు చేసుకుంది ఆమె. గెలిచాను, అనుకుంది. లాండ్రీలో యంత్రం ఆగాక చెవుల్లో మిగిలే హోరులాంటిది ఏదో మిగిలింది తప్ప సంతోషం రాలేదు. మళ్ళీ గంట కొట్టారు, ఈసారి పొడుగ్గా. ఆట గంట. మైదానంలోకి పిల్లలు కేకలేసుకుంటూ వచ్చి పడ్డారు. అదే సమయానికి తాళం రంధ్రంలో ఇంకో తాళంచెవి తిరిగింది, అలవాటుగా, తడుముకోకుండా. తలుపు తెరుచుకుంది. బావ. పనిబట్టల్లో, చేతిలో సంచి. ఆమెని చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

“ఎవరది?” అంది ఆమె. “ఎవరితో ఉంటున్నావిక్కడ?”

“ఎవరూ లేరు.”

“నేను వెతికాను.”

“ఎవరన్నా దొరికారా మరి?” ఎగతాళి కాదు, అలసట. సంచి కింద పెట్టాడు. “పొద్దున స్నానం చేసి పడుకుందామనుకుంటే పక్క వీధిలో లిఫ్టు ఆగిపోయిందన్నారు, వెళ్ళొచ్చాను. నువ్వేంటి ఇవాళ, పనికి వెళ్ళలేదా?”

“స్కూలు వాళ్ళొచ్చారు. మా అక్క ఫోన్ చేసి పట్టిచ్చింది. ఏం కాలేదులే, తడి సబ్బు చూసి నమ్మేసింది మేడమ్. కంప్లయింటు తప్పని రాసేస్తానంది. సీటు ఎక్కడికీ పోలేదు బావా.”

అతని మొహం చూసి ఆమె ఆగిపోయింది. బావ నవ్వుతాడనుకుంది, హమ్మయ్య అంటాడనుకుంది. అతను మంచం అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. బయట ఎవరో పిల్ల విజిల్ వేసింది. బావ తల కిటికీవైపు తిరిగి మళ్ళీ నేల మీదికి వచ్చింది. పెళ్ళయినప్పటినుంచీ అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఆమె వినలేదు.

“మీ అక్క కాదు. ఆవిణ్ణి ఏమీ అనకు. నేనే చేశాను. గొంతు కూడా మార్చలేదు, నా గొంతు వాళ్ళలో ఎవరికి తెలుసు గనక. వాళ్ళు ఆ ఇంట్లో ఉండరు, పల్లంలో ఉంటారు, వచ్చి చూసుకోండని చెప్పి పెట్టేశాను. మొదట్లో నిద్ర కోసమే వచ్చేవాణ్ణి, ఒట్టు. ఇక్కడ నీళ్ళొస్తాయి, చప్పుడుండదు. ఒకరోజు కిటికీ కొంచెం తీస్తే పిచ్చుక కనబడింది. ఇంక రోజూ ఆ వేళకి లేచి చూడ్డమే పని. ఆటకి ఇద్దరు నిలబడి ఒక్కొక్కళ్ళనే తమ జట్టులోకి పిలుచుకుంటారు. అందరూ అయిపోతారు, మన పిల్ల మిగిలిపోతుంది. ఎవరూ కొట్టరు, తిట్టరు, పిలవరంతే. మొదట్లో నిలబడి చూసేది. తర్వాత తనే ఒక పని కల్పించుకుంది. వాళ్ళ స్వెటర్లూ నీళ్ళ సీసాలూ పట్టుకుని కూర్చుంటుంది. ఎవరికి దాహమేస్తే వాళ్ళు పిలుస్తారు, పరిగెత్తుకెళ్ళి ఇస్తుంది. కాళ్ళు నొప్పులన్నది నిజమే, అది అబద్ధం చెప్పలేదు. నీకు చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. నువ్వు దాని కాళ్ళు పిసుకుతూ నవ్వుతుంటే నా నోరు మూతబడిపోయేది. అది ఏడ్చి ఉంటే నేనూ ఊరుకుందును, పిల్లలు ఏడుస్తారు, మర్చిపోతారు. అది ఏడవటం లేదు. సీసా కోసం ఎవరన్నా దగ్గరికొస్తే ఒక అడుగు పక్కకి జరిగి, తల కొంచెం దించి నవ్వుతుంది. ఆ నవ్వు నాకు తెలుసు. నేను లిఫ్టు బాగుచేస్తుంటే ఆ మేడల వాళ్ళు ఎక్కడానికి వస్తారు, అప్పుడు మూలకి జరిగి నేను నవ్వే నవ్వది. ఇంట్లో నేనెప్పుడూ అలా నవ్వలేదు, పని చోటికి దాన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు. అయినా వచ్చేసింది. అది చూసిన రోజే ఫోన్ చేశాను.”